ఎనిమిది రోజుల తొందర

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకు నిజానికి అర్హత లేదు. ఆ మాట అనాలంటే మనిషికి కనీసం మోకాళ్ల నొప్పులైనా ఉండాలి. నేను చెప్పబోయేది జరిగి పదేళ్లు కూడా కాలేదు. అప్పుడు వాడిన ఫోను ఇప్పటికీ మా ఇంట్లో అలారం కొడుతూనే ఉంది. అయినా ఆ ఏడాదిని తలచుకుంటే అదంతా వేరే ఎవరికో జరిగినట్టు ఉంటుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, మెడలో ఐడీ కార్డు, ఎండకు నెత్తిన చున్నీ, ముఖం నిండా తనకు తెలియనిది ఈ భూమ్మీద లేదన్న ధీమా. వ్యవసాయ డిప్లొమాలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది. వరి గురించి ఏ ప్రశ్న అడిగినా పేజీ నంబరుతో సహా చెప్పేదాన్ని. (మడిలోకి దిగితే మాత్రం కాలు ఒక చోట, చెప్పు ఒక చోట ఉండేవి.) ఆ పిల్ల ఇప్పుడు వచ్చి నా ఎదురుగా నిలబడితే ముందు చెంప మీద ఒకటి వేసి, తర్వాత కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాను.

గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా నన్ను వేసిన ఊరు కోవూరు దాటి సముద్రం వైపు పోతే కాలువకు చిట్టచివర ఉంటుంది. కాలువ చివర ఉండడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. పెన్నా నీళ్లు పైనున్న ఊళ్లన్నిటినీ తడిపి, వాళ్లకు ఇక చాలనిపించాక మా ఊరికి వస్తాయి. వస్తాయి అన్నది కూడా మర్యాదకు అంటున్న మాటే. జనం గట్ల మీద కాపలా కూర్చుని, పై ఊరివాళ్లతో గొంతులు పోయేలా అరిచి, వంతు ప్రకారం తెచ్చుకుంటారు. ఆ ఊళ్లో చుట్టరికాలు తెగిపోయింది పెళ్లిళ్లలో కాదు, నీళ్లు మళ్లించే మడవల దగ్గర. ఇది చాలదన్నట్టు తూర్పు పక్క పొలాలు ఒక్కొక్కటే రొయ్యల గుంటలు అయిపోతున్నాయి. గుంటల్లో ఉప్పు నీళ్లు పెడితే పక్క మడిలోకి ఊరుతాయి, ఆ మడి చౌడుబారుతుంది, చౌడుబారిన మడిని దాని యజమాని కూడా గుంట చేసేస్తాడు. ఊరిని ఒక పక్క నుంచి కొరుక్కుంటూ వస్తున్నట్టు ఉండేది.

మార్చిలో పెద్ద పంట కోతలు కాగానే ఎడగారు పనులు మొదలవుతాయి (ఎండాకాలపు రెండో పంటను మా జిల్లాలో ఎడగారు అంటారు). రెండింటికీ మధ్య ఉండే వ్యవధి తక్కువ. కోత మిషను వడ్లు తీసుకుని గడ్డిని ముక్కలు చేసి మడి నిండా పారబోసి పోతుంది. వాములు వేసి దాచుకోవడానికి ఇళ్లలో పశువులు లేవు. గడ్డిని కట్టలు కట్టే మిషను అంత చివరికి రాదు. అగ్గిపుల్ల మాత్రం ఎంత చివరికైనా వస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేవగానే ఒకాయన పుల్ల గీస్తాడు, గంటకల్లా మడి నల్లగా శుభ్రంగా అయిపోతుంది. ఆ పొగ నా ఆఫీసు గది కిటికీలోంచి వచ్చి, నా కళ్ల నీళ్లు తీసుకుని, అవతలి కిటికీలోంచి పోయేది.

ఆ గడ్డి కాల్చడం ఆపించాలని మా పెద్దసారుకు పైనుంచి ఆదేశం వచ్చింది. ఆయన దాన్ని నా నెత్తిన పెట్టారు. "నీ ఊళ్లో కనీసం ఒక్క పొలమన్నా గడ్డి కాల్చకుండా దున్నిండాలి. దున్నేటప్పుడు ఒక ఫోటో, నాటు వేసినాక ఒక ఫోటో. నెలాఖరుకు నాకు పంపించాలి" అని చెప్పి, ఒక కట్ట కరపత్రాలు నా స్కూటీ ముందు పెట్టించారు. "ఇవి ఊరంతా అంటించెయ్." నేను శ్రద్ధగల ఉద్యోగిని. మైదా పిండి జిగురు కాచుకుని పోయి టీ అంగడికి, పాలకేంద్రానికి, బడికి, ఆఖరికి మూసేసిన రేషను షాపు తలుపుకు కూడా అంటించాను. కరపత్రం మీద పచ్చటి పైరు, అందులో నిలబడి నవ్వుతున్న రైతు, కింద 'గడ్డి కాల్చవద్దు, నేలకే తిరిగి ఇవ్వండి' అన్న అక్షరాలు. సాయంత్రానికి ఊళ్లో ఏ గోడ చూసినా ఆ రైతు నవ్వుతున్నాడు. టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి అన్నాడు: "ఇంత బాగా నవ్వుతుండాడంటే ఈయనది కాలువ చివర ఊరు కాదు మేడం."

నా మాట విన్నది ఒకే ఒక్క మనిషి. ఆమెను ఊరంతా గట్టక్క అనేవాళ్లు, ఎప్పుడు చూసినా మడి గట్టు మీదే ఉండేది కాబట్టి. నలభై దాటిన మనిషి. భర్త మోటారు దగ్గర కరెంటు తగిలి పోయి అప్పటికి రెండు పంటలయింది. (ఆమె అలాగే చెప్పేది, ఏడాది అనేది కాదు.) చేసేది రెండెకరాల కౌలు. ఆ భూమి మిద్దింటాయనది; కాపురం కోవూరులో, పొలానికి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. ఆయన చెడ్డవాడని చెప్పలేను. చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం సులభంగా ఉండేది. తూర్పు పక్కన రొయ్యల గుంటలు వచ్చాక ఆ రెండెకరాల్లో చౌడు మచ్చలు లేచాయి, నేల ఎండితే ఇటుకలా బిగుసుకునేది, పోయిన రెండు పంటలూ అంతంతమాత్రం. ఆయన పోయిన పంట కోత అయిన రోజున ఆమెతో ఒక మాట అన్నాడు: "ఈ ఎడగారు చూస్తాను. నేలలో సత్తువుండి పండిందంటే నువ్వే చేసుకో, నేను అడ్డం రాను. పండలేదంటే గుంటకిచ్చేస్తా. తర్వాత నన్ను అనుకోవద్దు." అంటే ఆ మట్టికి ప్రాణం ఉందని ఆమె ఒక్క పంటలో నిరూపించాలి. ఆమెకు చేతిలో ఉన్న పని అదొక్కటే, తెలిసిన పనీ అదొక్కటే.

నేను ఆమె గట్టు మీద కూర్చుని నా ఫస్టు క్లాసంతా కుమ్మరించాను. గడ్డి కాలిస్తే నేల పైపొర ఉడికిపోతుందని, అదే గడ్డి మట్టిలో కలిసి కుళ్లితే నేల గుల్లబారుతుందని, నీళ్లు పట్టుకుంటుందని, చౌడు కూడా నెమ్మదిస్తుందని, పైరు నేలలోంచి తీసుకున్నది మళ్లీ నేలకే చేరుతుందని. ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. ఈ రోజుకూ నేను అదే చెబుతాను. ఆమె గడ్డి ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నములుతూ విన్నది.

"ఇప్పుడు కలిపితే ఈ పంటకే పనికొస్తాదా?" అన్నది.

"ఈ పంటకే చూస్తావక్కా. నేల రంగే మారిపోతుంది" అన్నాను. (రంగు మారిన మాట నిజమే. మారింది నేల కాదు, పైరు.)

"గడ్డి కుళ్లాలి గదా మేడం? అంత బెరీన నాటేస్తే ఎట్లా? మా నాయన పచ్చిరొట్ట తొక్కించినా కొన్నాళ్లు ఊరికే పెట్టేవాడు."

ఇక్కడ నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆమె అడిగింది నిజమైన ప్రశ్న. మా డిప్లొమా పరీక్షలో కూడా అడిగారు, ఐదు మార్కులకు. నేను ఛాయిస్‌లో వదిలేశాను. కానీ కాలువలో నీళ్లు వదిలే తేదీ దగ్గర పడింది, ఆమె నారు ముదురుతోంది, వీటన్నిటికీ మించి నాకు నెలాఖరుకు ఫోటో కావాలి. వేళ్ల మీద లెక్కేసుకున్నాను. దున్నాక ఎనిమిది రోజులు ఆగితే అన్నీ సరిపోతున్నాయి. "ఎనిమిది రోజులు చాలక్కా. పాత కాలం వేరు, ఇప్పుడు సైన్సు వేరు" అన్నాను. ఆ ఎనిమిది ఏ పుస్తకంలోనూ లేదు. అది నా సెల్‌ఫోను క్యాలెండరులో మాత్రమే ఉంది.

ట్రాక్టరు వచ్చింది, గడ్డిని తొక్కి కలియదున్నింది, నీళ్లు పెట్టి దమ్ము చేశారు. చుట్టూ మడులన్నీ నల్లగా కాలి ఉంటే ఆమె మడి ఒక్కటే బురదలో గడ్డి పోచలు తేలుతూ కనిపించేది. ఎనిమిదో రోజు దాటిన తెల్లవారి నాట్లు పడ్డాయి. నేను చీర కట్టుకుని వెళ్లాను (ఫోటో కోసం). గట్టక్కను గట్టు మీద నిలబెట్టి, "నవ్వక్కా" అన్నాను. "ఇప్పుడెందుకు నవ్వేది, పండినాక నవ్వుతా" అన్నది. అయినా నా కోసం పళ్లు కనిపించేలా నోరు తెరిచింది. పెద్దసారు ఫోటో చూసి బొటనవేలు గుర్తు పంపించారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో వారం నుంచి పైరు పసుపు రంగు తిరగడం మొదలైంది. ముందు కింది ఆకులు, తర్వాత పైవి. చుట్టూ కాల్చి నాటినవాళ్ల మడులు పచ్చగా, మధ్యలో మా మడి పండగ బట్టలా పసుపు. నేను ధైర్యంగా జింకు లోపమని చెప్పి జింకు కొట్టించాను. పసుపు ఇంకా తేటపడింది. మొక్కలు పిలక వేయడం మానేశాయి. మడిలో అడుగేస్తే బుడబుడమని బుడగలు లేచి, వాటితో పాటు కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చేది. ఒక మొక్కను పీకి చూస్తే వేళ్లు తెల్లగా ఉండాల్సినవి నల్లగా ఉన్నాయి. టీ అంగడి దగ్గర కబుర్లకు కొదవ లేకుండా పోయింది. "గట్టక్క కయ్యలో కోడిని పొదగేసినట్టుండారే." "మేడంను అడుగు, ఎన్ని పిల్లలయితాయో." (మడిని అక్కడ కయ్య అంటారు.) నేను స్కూటీ హారన్ కొట్టుకుంటూ ఆ అంగడి ముందు నుంచి వేగంగా పోయేదాన్ని. ఆమె మాత్రం అక్కడే గట్టు మీద కూర్చుని ఉండేది. నన్ను ఒక్క మాట అనేది కాదు. తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

నిజం నాకు పాలకేంద్రం దగ్గర తెలిసింది. గాలికి గోడ మీది కరపత్రం ఒక మూల ఊడి రెపరెపలాడుతోంది. సరిచేద్దామని పట్టుకుంటే దాని వెనక కూడా అక్షరాలు ఉన్నాయి. ఆ కాగితం రెండు వైపులా అచ్చు వేసినది. ముందు వైపు నవ్వుతున్న రైతు, వెనక వైపు ఏం చేయాలో, ఎలా చేయాలో. ఆ వెనక వైపునంతా నేను స్వహస్తాలతో, మైదా జిగురుతో, ఊరి గోడలకు అంటించేశాను. ఊళ్లో ఒక్కరూ చదవలేదు, అంటించినదాన్ని నేనూ చదవలేదు. అక్కడే బకెట్లో నీళ్లు తీసుకుని తడిపి, గోరుతో గీకి, ముక్కలుగా ఊడదీశాను. పాలు పోసుకునే ఆయన చూసి, "మీరే అంటించినారు, మీరే పీకుతుండారు, ఏంది మేడం ఇది?" అన్నాడు. ముక్కలు అతికించి చదివితే తేలింది ఇది. గడ్డి కలియదున్నాక కనీసం మూడు వారాలు ఆగి నాటాలి. లేకపోతే గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని అవే తినేస్తాయి, పైరు పసుపుబారుతుంది. నీళ్లు నిలిచిన మడిలో పచ్చి గడ్డి కుళ్లితే విషవాయువులు పుట్టి వేళ్లు నల్లబడతాయి. అలా అయితే నీళ్లు తీసేసి మడిని ఆరబెట్టి, తర్వాత కొద్దిగా యూరియా వేసి కొత్త నీళ్లు పెట్టాలి. అంటే గడ్డి తప్పు కాదు, నేల తప్పు కాదు. నా ఎనిమిది రోజుల తప్పు.

తెల్లవారి ఆమెకు చెప్పేద్దామని పొలానికి పోయాను. ఆ పొద్దున శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తుందని రోడ్డంతా జనం. అందరూ దక్షిణం వైపు తలలెత్తి చూస్తున్నారు, ఒక్కరూ మా మడి వైపు చూడకపోవడం చూసి నాకు కొంచెం ఊపిరాడింది. అంతమందిలో తల దించి చూస్తున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. మిద్దింటాయన. గట్టు పొడుగునా నడిచి, ఒక మొక్కను పీకి వేళ్లు చూసి, వాసన చూసి, విసిరేశాడు.

"గడ్డి తొక్కించమని నీకు చెప్పింది ఎవురు?" అని గట్టక్కను అడిగాడు.

నేను ఆమె పక్కనే, రెండు అడుగుల దూరంలో ఉన్నాను. చేతి సంచిలో ఆ తడి కాగితం ముక్కలు ఉన్నాయి. నేలది తప్పు కాదండీ, తొందర నాది, ఒక్క పదిహేను రోజులు ఆగి చూడండి అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? సరిగ్గా అప్పుడే జనం "అదో, అదో" అని అరిచారు. నేను కూడా తలెత్తి రాకెట్టు వైపు చూశాను. చూశానంటే, చూస్తున్నట్టు నిలబడ్డాను. రాకెట్టు ఎటు పోయిందో నాకు తెలియదు. పై సార్లకు తెలిస్తే ఏమవుతుందో, నా ఉద్యోగం ఖాయం కాకముందే మెమో వస్తుందేమో అన్నది ఒక్కటే నా తలలో ఉంది.

"ఎవురూ చెప్పలా. నేనే తొక్కించినా" అన్నది గట్టక్క.

"పండే నేలయితే ఇట్లా అయ్యుండదు. సత్తువ అయిపోయిందిమా దీనికి. నీ తప్పేం లేదులే" అన్నాడాయన, మెత్తగానే. ఆ సాయంత్రమే గుంటలవాళ్లకు మాట ఇచ్చేశాడు.

జనం పలచబడ్డాక నేను సంచిలోంచి ముక్కలు తీసి గట్టు మీద పరిచి, ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె చదువుకున్న మనిషి కాదు, అయినా ఆ ముక్కల వైపు చాలాసేపు చూసింది.

"ఇది నాకు చెప్తే ఏమొస్తాది అమ్మణ్ణీ? ఆయనకు చెప్పాల. ఇందాక ఆడనే ఉండాడు గదా" అన్నది. కోపంగా అనలేదు. అర్థం కాక అడిగినట్టు అడిగింది. నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఆమె ముక్కలు ఏరి నా చేతిలో పెట్టి, "సరే, ఏడ్చేది తర్వాత. పైరును బతికించేదెట్లో చెప్పు" అన్నది.

నీళ్లు తీసేయాలని చెప్పాను. ఆమె నా ముఖం వైపు చూసిన చూపు చెబుతాను. ఆ నీళ్లు వచ్చి రెండు రోజులే అయింది. ఆ వంతు కోసం ఆమె పై ఊరివాళ్లతో పగలంతా గొడవపడి, చివరికి కాలువలో అడ్డంగా కూర్చుంటే వచ్చిన నీళ్లు అవి. ఏప్రిల్ ఎండ, కాలువ చివర మడి, మళ్లీ వంతు ఎప్పుడో ఎవరికీ తెలియదు. అక్కడ ఒక మనిషి చేతులారా మడి నీళ్లు మురుగు కాలువలోకి వదిలేయడమనేది ఎవరూ కనీవినీ ఎరగరు. నా మాట వినబట్టే ఆమె ఈ స్థితికి వచ్చింది. రెండోసారి కూడా వింటుందని నేను అనుకోలేదు. "ఈసారన్నా కాగితం రెండు పక్కలా చదివినావా?" అని అడిగింది. చదివానన్నాను. పార తీసుకుని పోయి మడవ తెంచింది. నీళ్లు నల్లగా, వాసనతో పారుతుంటే చుట్టుపక్కల మడుల్లో పనిచేసేవాళ్లు పనులు ఆపి, చావు ఇంటికి వచ్చినట్టు వచ్చి గట్ల మీద నిలబడ్డారు. ఒక ముసలామె మాత్రం చేతిలో కాసిని నీళ్లు పట్టి మళ్లీ మడిలోకి పోసింది.

పైరు బతికింది. మడి సన్నగా నెరియలు వచ్చేదాకా ఆరింది, యూరియా వేశాక ఆకుల్లో మెల్లగా పచ్చదనం తిరిగింది, కొత్త వేళ్లు తెల్లగా వచ్చాయి. నీళ్ల వంతు ఆలస్యంగానైనా వచ్చింది. వెనకబడ్డ పిలకలు కూడా లేచి, అందరి కన్నా పది పన్నెండు రోజులు ఆలస్యంగా, అందరికీ దాదాపు సమానంగా కంకులు తొడిగింది. చౌడు మచ్చలున్న చోట కూడా మొక్క నిలబడింది. నేను సిగ్గు విడిచి మిద్దింటాయన ఇంటికి పోయి, తప్పు నాదని, నేల మంచిదని అప్పుడు చెప్పాను. ఆయన కాఫీ ఇప్పించి అంతా విన్నాడు. "ఆ పొద్దే చెప్పుంటే ఆగేవాణ్ణిమా. మాటిచ్చేసినా గదా, అడ్వాన్సు కూడా తీసుకున్నా" అన్నాడు. నిజంగా ఆగేవాడో, నా కోసం అన్నాడో తెలియదు. ఆగేవాడనే అనుకుంటాను. అలా అనుకోవడమే నాకు తగిన శిక్ష.

కోత అయిన వారానికి తవ్వే మిషను వచ్చింది. గట్టక్క వద్దన్నా నేను వెళ్లాను. మిషను మొదటి బొచ్చె మట్టి ఎత్తి పక్కన పోసినప్పుడు ఆమె పోయి ఒక పెళ్ల తీసుకుని రెండు చేతుల మధ్య నలిపింది. పోయిన ఏడు పలుగుతో కొడితే తప్ప పగలని ఆ మట్టి పొడిపొడిగా రాలింది. అందులో కుళ్లిన గడ్డి నారలు, ఒక ఎర్ర (వానపాము). ఒక్క పంటకే నేల మారిపోదు. అది నాకు తెలుసు. కానీ మారడం మొదలుపెట్టింది. ఆమె ఆ ఎర్రను వేలితో తీసి పక్కవాళ్ల మడిలో వేసి చేతులు దులుపుకుంది. "ఇప్పుడిప్పుడే బాగుపడతా ఉండె" అన్నది, జబ్బు మనిషి గురించి చెప్పినట్టు. ఆ రోజు ఏడ్చింది ఆమె. నేను పక్కన నిలబడ్డాను, అంతకన్నా చేయగలిగింది లేదు. తర్వాత కొన్ని నెలలకు ఆమె అన్న ఉన్న ఊరికి, సంగం వైపు వెళ్లిపోయిందని విన్నాను. నాకు బదిలీ అయింది. ఫోను చేయాలని చాలాసార్లు అనుకుని చేయలేదు. ఆ విషయంలో కూడా నేను ధైర్యస్థురాలినేమీ కాదు.

ఇప్పుడు నా పని ఊరూరా తిరిగి రైతులకు శిక్షణ ఇవ్వడం. గడ్డి గురించి చెప్పడానికి నన్నే పిలుస్తారు; బాగా చెబుతానని పేరు. పోయిన నెల సంగం దగ్గర ఒక ఊళ్లో మైకు పట్టుకుని, కలియదున్నాక మూడు వారాలు ఆగాలని చెబుతుంటే వెనక బెంచీలో ఒక పెద్దాయన లేచాడు.

"అది మాకు తెలుసుమా. మా ఊరికి నాట్లకు ఒక ముఠా వస్తాది. మేస్త్రి ఆడమనిషి, గట్టక్కంటారు. గడ్డి తొక్కించి మూడు వారాలు కాలేదంటే ఆమె కయ్యలో కాలు పెట్టదు. ఎంత కూలి ఇస్తామన్నా పెట్టదు. నేను మునిగినా, మీరు మునగబాకండి అంటాది. అప్పుడెవురో మేడం ఆమెకు తప్పు చెప్పిందంట. ఆ మేడం ఎవురుమా అంటే మాత్రం పేరు చెప్పదు. చిన్నబిడ్డ, పోనీ, ఉద్యోగం చేసుకోనీ అంటాది."

జనం నవ్వారు. నేను కాసిని నీళ్లు తాగి, "ఆ మేడం నేనే" అన్నాను. ఇన్నేళ్లు ఆ మాటను ఎంత బరువుగా మోశానో, తీరా బయటికి వచ్చాక అది మూడు పదాలే. పెద్దాయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు, ఏమనాలో ఆలోచించాడు, చివరికి జేబులోంచి పెన్ను తీశాడు.

"అయితే ఇంకా గట్టిగా తెలిసుంటాది నీకు. మొదట్నుంచి మళ్లీ చెప్పుమా, రాసుకుంటా" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సభ అయ్యాక ఆయనే నంబరు ఇస్తే గట్టక్కకు ఫోను చేశాను. నా గొంతు విని, పేరు అడగకుండానే, "అమ్మణ్ణీ, నాట్లు పడతా ఉండాయి, చేతులనిండా బురద. పొద్దుగూకినాక చెయ్యి" అని పెట్టేసింది. ఐడీ కార్డు వేసుకుని ఊరి గోడలన్నిటికీ నవ్వులు అంటించిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొచ్చి, ఆ ఊరి బస్టాండులో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. కళ్లు తుడుచుకుని, పొద్దు ఎప్పుడు గూకుతుందా అని కూర్చున్నాను.